గడప దాటిన నీలితోడు – మారుకుండ వ్రత కథ

అక్షతలు కుడిచేత పట్టుకొనుడు. పొయ్యి మీద ఏమైనను ఉన్నయెడల ఇప్పుడే దించి రండు. కథ నడుమ లేవరాదు. పిల్లలను ఎదుట కాక ప్రక్కన కూర్చుండబెట్టుకొనిన వారును విందురు, మీరును విందురు.

పూర్వము వేత్రవనమను ఆశ్రమమున చిరంతనుడను మహర్షి ఉండెను. ఒకనాడు ఋతంభరుడను ముని ఆయన కడకు వచ్చి నమస్కరించి యిట్లు అడిగెను.

"స్వామీ, పొలము గలవానికి వరద పోయిన పిమ్మట నేల మిగులును. రాజునకు ఒక కోట కూలినను వేరొక కోట ఉండును. ఒక్క మగ్గము, ఒక్క గానుగ, ఒక్క బాన నమ్ముకొని పదిమందికి అన్నము పెట్టు చిన్న వృత్తుల వారికి ఏమున్నది? నిప్పో నీరో ఒక్క పూట వచ్చి పోయినచో వారి మూడు తరముల పని తుడుచుకొని పోవుచున్నది. వారు చేయదగిన వ్రతము ఏదైనను కలదా?"

మహర్షి ఇట్లు చెప్పెను. "నాయనా, ఆపద రాకుండ చేయు వ్రతము నాకు తెలియదు. తెలియునని చెప్పువారిని నమ్మవలదు. వచ్చి పోయిన పిమ్మట పని మరల లేచి నిలుచునట్లు చేయు వ్రతము ఒకటి కలదు. దానికి మారుకుండ వ్రతమని పేరు. దానిని తొలుత ఆచరించినది ఒక అద్దకపు ఇంటి కోడలు. ఆమె కథ చెప్పెదను, వినుము."

సముద్రమునకు అర ఆమడ దూరమున, ఉప్పుటేటి ఒడ్డున, మణిరేవు అను పట్టణము కలదు. ఆ పట్టణపు అద్దకపు వీధిలో ముత్తన్న అనువాడు బట్టలకు నీలిరంగు వేసి జీవించుచుండెను. ఆయన భార్య కొండమ్మ, కొడుకు సోమన్న, కోడలు పేరిందేవి. ఇంటివారు కోడలిని పేరమ్మ అని పిలుచుచుండిరి.

ముత్తన్న ఇంటి నీలి పేరు పొందినది. ఉతికిన కొలది తేటపడునే గాని వెలవెలబోవదు. పెరటిలో, ఇంటి కప్పుకు చేర్చిన తాటాకు పంచ క్రింద, మెడ వరకు పాతిన బానలు నాలుగు ఉండెను. వానిలో నీలిమందు, సున్నపు తేట, తంటెపు మొక్క గింజలు ఉడికించిన నీరు పోసి పులియబెట్టుదురు. పాలకు మజ్జిగ తోడు ఎట్లో నీలిబానకు పాత బాననీరు అట్లు. ఆ తోడు పడనిదే కొత్త బాన త్వరగా లేవదు, లేచినను రంగు నిలువదు. ముత్తన్న తాత కలిపిన తోడు మూడు తరములుగా ఆరక వచ్చుచుండెను. గుడ్డ ఉతుకువారు, అచ్చులు వేయువారు, ఆరవేసి మడతలు పెట్టువారు మొత్తము పన్నెండు ఇండ్లవారు ఆ నాలుగు బానల మీద బ్రతుకుచుండిరి.

ప్రతి మార్గశిర శుద్ధ పంచమి నాడు రేవునుండి తొలి ఓడ కదలును. దాని కొయ్యకు కట్టు నీలిపతాకము ముత్తన్న ఇంటి బానలో తడిసి రావలెను. ఆ మర్యాద చూచియే దూరదేశపు వర్తకులు ఆ వీధికి వచ్చుచుండిరి. మర్యాద పోయిననాడు వర్తకులు పోదురు, వర్తకులు పోయిననాడు పన్నెండు ఇండ్లవారును పోదురు. ఈ సంగతి ఆ వీధిలో నడుచు పిల్లలకు సైతము తెలియును.

ఆ వీధివారికి ఒక ఆచారము కలదు. నీలితోడు గడప దాటరాదు. దాటినచో ఇంటి కళ దానితో పోవునని వారి నమ్మకము. అన్నదమ్ములు వేరుపడినను తోడు పెద్దవాని ఇంటనే ఉండవలెను. ఆడపిల్లకు పసుపుకుంకుమలు పెట్టుదురు గాని చెంబెడు తోడు పెట్టరు. ఎవరి తోడు వారి గుట్టు.

ఇట్లుండగా ఒక జ్యేష్ఠ శుద్ధ దశమి నాడు ఏటికి ఆవల గవ్వలదిబ్బ మీద కాపురముండు కుమ్మరి అవ్వ కొత్త కుండలు తెచ్చి ముత్తన్న ఇంటి ముందు దించెను. కుండల వెల మాటలాడిన పిమ్మట ఆమె కొండమ్మను చూచి, చిన్న కుండతో మీ బాననీరు పోయుము, నా దిబ్బ మీద దాచి ఉంచెదను, మీ యేరు చల్లనిది కాదు, అని అడిగెను. కొండమ్మ మొగము మాడ్చుకొనెను. రంగు వేయువారు కాని మీకు మా తోడు ఎందులకు, ఎవరు పంపిరి నిన్ను, అని నిలదీసెను. ముత్తన్న లోపలినుండి వచ్చి, ముసలిదానివి గనుక ఊరకుంటిని, మరల ఆ మాట ఎత్తకుము, అని చెప్పెను. అవ్వ కోపింపలేదు. పేరమ్మ తెచ్చిన మజ్జిగ త్రాగి, గిన్నె బోర్లించి, తట్ట నెత్తికెత్తుకొని పోయెను. పేరమ్మకు ఆ మజ్జిగ గిన్నె కడుగుచున్నంత సేపును ఆ మాట చెవిలో మెదలుచుండెను.

ఆ యేడు కార్తికమున ఎగువ వానలకు ఉప్పుటేరు పొంగి అద్దకపు వీధిలోనికి వచ్చెను. మోకాలి లోతు నీరు ఒక్క పగలు నిలిచి పోయెను. గోడలు నిలిచినవి, మనుష్యులు మిగిలిరి, గిన్నెలు దొరికినవి. నాలుగు బానలలోను బురదనీరు నిండెను. ముత్తన్న బాన అంచున కూర్చుండి వ్రేలు ముంచి నాలుకకు రాచుకొని, ఉమిసి లేచి పోయెను. ఇరుగుపొరుగు అద్దకపువారిలో ఇద్దరి బానలు మెరక మీద ఉండుటచేత చెడలేదు. అయినను తోడు అడుగుటకు ముత్తన్నకు నోరు రాలేదు; అడిగినను వారు ఈయరు. ఆయన ఎన్నడైనను ఇచ్చియుండిన గదా. కొత్తగా తోడు పుట్టించుటకు చలిదినములలో నెలలు పట్టెను. మార్గశిరమున ఓడకు కట్టిన పతాకము బూడిద కలిసినట్లు వెలిసి యుండెను. రేవు పెద్దలు చూచి తలలు వంచుకొనిరి.

మరుసటి ఏడు బానలు ఒక విధముగా కోలుకొనెను. పేరమ్మ అవ్వ మాట తలచుకొని, తోడు రెండవ కుండలో దాచుదమని అత్తను అడిగెను. గడప లోపల ఎక్కడనైనను దాచుకొమ్మని కొండమ్మ సెలవిచ్చెను. పేరమ్మ చిన్న కుండ నింపి, మూత మీద గుడ్డ బిగించి, నీరు ఎక్కదని అటక మీద పెట్టెను. అవ్వ కుండలు అమ్మవచ్చి ఆ మాట విని, ఇల్లు ఒకటేనా తల్లీ, అని మాత్రము అడిగి పోయెను. పేరమ్మకు ఆనాడు దాని భావము తెలియలేదు.

వైశాఖమున గింజలు ఉడుకు పొయ్యినుండి నిప్పురవ్వ లేచి తాటాకు కప్పున పడెను. వీధివారందరు కడవలతో పరుగెత్తివచ్చిరి. అటక, అటక మీది కుండ, అచ్చుల పెట్టె మొదట కాలిపోయెను. కాలిన దూలములు విరిగి బానలలో పడి వానిని పగులగొట్టెను. ఒకే కప్పు క్రింద దాచిన రెండును ఒకే నిప్పున పోయెను. ఇల్లు మరల నిలుపుకొనుటకే నెలలు పట్టగా ఆ యేడు ముత్తన్న పతాకము తానుగా ఈయలేనని చెప్పి పంపెను. ఓడ పతాకము లేకయే కదలెను. రేవు పెద్దలు వచ్చి అరుగు మీద కూర్చుండి, ముత్తన్నా, నీ యందు గౌరవము పోలేదు, అయినను మరియొకసారి తప్పినయెడల పొరుగు రేవు అద్దకపువారిని పిలువక తప్పదు, అని నెమ్మదిగా చెప్పి పోయిరి. ఆ సాయంకాలము గుడ్డ ఉతుకు నూకాలు పేరమ్మ కడకు వచ్చి, తన అన్న ఉన్న ఊరికి పోవలెనా ఉండవలెనా చెప్పుమని అడిగెను. పేరమ్మ ఉండుమని చెప్పెను. చెప్పిన పిమ్మట, ఏ ధైర్యమున చెప్పితినా అని తనలో తాను బెదరెను.

మరల బానలు పాతి, మరల తోడు పుట్టించిరి. అది కొంచెము కుదురుకొనగానే పేరమ్మ కుండ నింపి చంకన పెట్టుకొని వాకిలి కడకు నడచెను. కొండమ్మ అడ్డము వచ్చి నిలిచెను.

"ఎక్కడికే? మా అత్త పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పింది, తోడు గడప దాటనివ్వకని."

"అత్తా, రెండుసార్లూ మన తోడు గడప దాటలేదు. ఇల్లే దాటిపోయింది."

కొండమ్మ పొమ్మనలేదు, వద్దనలేదు. గోడవైపు తిరిగి కూర్చుండి వత్తులు చేసుకొనసాగెను. పేరమ్మ కుడికాలు ముందు పెట్టి గడప దాటి, పడవ ఎక్కి, ఏరు దాటి, గవ్వలదిబ్బ చేరెను. అవ్వ కుండను అందుకొని, కుండలు కాల్చు ఆవము ప్రక్కన తన పాకలో, నేలలో సగము పాతి ఉంచెను. ఎదురింటి బైరన్న అను అద్దకపువాడు ఈ సంగతి విని, ముత్తన్న కోడలు తోడును ఊరేగించుచున్నదని నలుగురిలో నవ్వెను.

ఆ యేడు గండమేదియు రాలేదు. పతాకము వెలిసీ వెలియక గట్టెక్కెను. పేరమ్మ పనిలో పడి దిబ్బ మాట మరచెను. మరుసటి జ్యేష్ఠ దశమికి కుండలు కొన పోయినప్పుడు తలపునకు వచ్చి మూత తీయించి చూచెను. పైన బూజు కట్టి, క్రింద మురుగు వాసన కొట్టెను. తోడు చచ్చి ఎన్ని నెలలైనదో తెలియదు. పేరమ్మ చతికిలబడి కూర్చుండెను. ఏడాది పొడుగున ఆమె నిశ్చింతగా నిద్రించినది ఆ కుండను నమ్మియే.

అవ్వ ఆమె ప్రక్కన కూర్చుండెను.

"పసిబిడ్డను నా దగ్గర దించి, ఏడాదికి వచ్చి ఉయ్యాల చూస్తున్నావు. తిండి పెట్టమని నాకు చెప్పావా? ఏం పెట్టాలో నాకు తెలుసా?"

"తప్పు నాదే అవ్వా."

"తప్పొప్పులు తరువాత. విప్పి చూడని కుండలో తోడుందని ఎవరు చెప్పగలరు? ఉందనుకున్నావు, అంతే. ఇప్పుడు సరిగ్గా విను."

అంతట అవ్వ పేరమ్మకు వ్రతవిధానము చెప్పెను. ఇంటి బానలోని తోడు మరల తెచ్చి కుండ నింపి, నెల నెలా శుద్ధ దశమి నాడు దిబ్బకు వచ్చి దానికి గింజల నీరు, సున్నపు తేట పోసి, కలియబెట్టి, వాసన చూచి పోవలెను. పని తెలియని మనిషికి సైతము తెలియునట్లు పని అంతయు తాటాకున వ్రాసి కుండ కడనే ఉంచవలెను. ఏటేట జ్యేష్ఠ శుద్ధ దశమి నాడు ఇల్లు లేదనుకొనవలెను, బానలు లేవనుకొనవలెను, అంగడి సైతము లేదనుకొనవలెను. ఆనాడు దిబ్బ మీద ఉన్న వస్తువులతో, తాటాకున ఉన్న మాటలతో, పని ఎరుగని చేతులతో ఒక గుడ్డ తడిపి తీయవలెను. పని ఎరిగిన యజమాని అక్కడనే కూర్చుండవలెను గాని నోట తమలపాకు పెట్టుకొని, గుడ్డ ఆరునంతవరకు పెదవి విప్పరాదు. ఇదియే వ్రతము.

ముత్తన్న దీనికి ఒక పట్టాన ఒప్పుకొనలేదు. నీలి చేతిలో ఉండును గాని ఆకులో ఉండదని వాదించెను. పేరమ్మ ఎదురాడక, పదిదినములు మామ వెనుకనే తిరుగుచు, ఆయన ఏమి చేయునో అది చూచి వ్రాసికొనెను. ఎప్పుడు కలుపునో, ఎన్నిసార్లు కలుపునో, మూత ఎందుకు ఓరగా పెట్టునో అడిగెను. తనకే తెలియకుండ తాను చేయు పనులు ఇన్ని కలవా అని ముత్తన్నకు లోలోపల ఆశ్చర్యము కలిగెను. అంతట పతాకపు మర్యాద తలచుకొని సరేననెను.

మరుసటి దశమి నాడు అందరు దిబ్బ మీద చేరిరి. తాటాకు చదువుటకు పేరమ్మ, పని చేయుటకు నూకాలు. ఆమె ఎన్నడును బాన ముట్టినది కాదు. ముత్తన్న తమలపాకు నోట పెట్టుకొని తాటిచాప మీద కూర్చుండెను. నీలిమందు నూరిరి, గింజలు ఉడికించిరి. గుప్పెడు సున్నము వేయవలెనని తాటాకున ఉన్నది. నూకాలు తన గుప్పెడు వేసెను. ముత్తన్న కన్నులు పెద్దవి చేసెను. చాప అంచు పీకెను. లేచి కూర్చుండి, మరల లేచెను. నియమము గనుక నోరు మెదపలేదు. గుడ్డ తీసి చూడగా పాచిపట్టిన రాయివలె ఉండెను. ఆకు ఉమిసిన తక్షణము ముత్తన్న మండిపడెను.

"గుప్పెడంటే నా గుప్పెడే! అది చిన్నపిల్ల గుప్పెడు."

నూకాలు చేతులు తుడుచుకొనుచు, "అయితే తాతా, నీ పిడికిలి కోసి ఈ కుండ పక్కన పెట్టిపో. మాకు ఇబ్బంది ఉండదు," అనెను.

అందరును నవ్విరి. పేరమ్మ మాత్రము నవ్వుచునే కొబ్బరిచిప్ప ఒకటి తెచ్చి, మామ గుప్పిలి సున్నము దానిలో పోయించి, అంచు అంత వరకు కోసి, కొలచిప్ప చేసెను. అట్టిదియే ఇంకొకటి చేసి దిబ్బ మీద ఉంచెను. ఆకున గుప్పెడను మాట కొట్టివేసి చిప్ప అని వ్రాసెను.

రెండవ ఏటి దశమికి కొలత కుదిరెను గాని గింజలు చాలలేదు. నూకాలు అంగడికి పోబోగా, అంగడి లేదనుకొంటిమి గదా అని పేరమ్మ ఆపెను. ఆ పూట గుడ్డ తడియలేదు. నాటినుండి గింజల జాడీ, నీలిమందు ముద్దలు, రెండు జతల అచ్చులు దిబ్బ మీద చేరెను. పన్నెండు ఇండ్లవారు ఆపద వచ్చిన ఎక్కడ కలిసికొనవలెనో, మొదటి దినమున ఎవరు ఎవరిని వెదకవలెనో, ఏ వర్తకునికి ఏ మాట ఎవరు చేరవేయవలెనో అదియు ఆకున చేరెను. మూడవ ఏటి దశమి నాడు నూకాలు తీసిన గుడ్డ గాలి తగులగానే పసరు విడిచి నిండు నీలమయ్యెను. ముత్తన్న గుడ్డ మూల పట్టుకొని వెలుగునకెత్తి చూచెను. నోట ఆకు ఉన్నందున ఏమియు అనలేదు. ఆకు ఉమిసిన పిమ్మటను ఏమియు అనలేదు. ఆ మౌనము విలువ పేరమ్మకు తెలియును.

ఆనాడే అవ్వ ఒక కోరిక కోరెను. ఈ కుండలోనుండి చిప్పెడు తోడు నాకిమ్మనెను. ఎందులకని అడుగుటకు పేరమ్మకు నోటిదాక వచ్చెను. ఒకనాడు తన గడపలో ఇదే ముసలమ్మ ఇదే అడిగి రిక్తహస్తములతో పోవుట తలపునకు వచ్చి, అడుగక నిండుగా పోసి ఇచ్చెను. మరునాడు నూకాలు చేత గింజల సంచియు పంపెను.

ఆ యేడు ఆశ్వయుజ బహుళమున తుపాను వచ్చెను. ఉదయముననే ఆకాశము రాగిరంగు తిరుగుట చూచి పేరమ్మ ఆకున వ్రాసిన ప్రకారము కబురు పంపెను. ముసలివారిని, పిల్లలను ఊరి నడుమనున్న రాతి సత్రమునకు చేర్చిరి. ముత్తన్న బానలను విడువలేక వెనుదిరిగి పోయెను. మధ్యాహ్నమునకు గాలి విజృంభించి అద్దకపు వీధిలో కప్పు గల ఇల్లు ఒక్కటియు లేదనునట్లు చేసెను. వాసము పడి ముత్తన్న దవడ విరిగెను. సోమన్న తండ్రిని వీపున వేసికొని సత్రమునకు తెచ్చెను. ప్రాణము నిలిచెను గాని మాట లేదు. పోటునీరు వచ్చి మెరకను సైతము ముంచెను. ఈసారి ఆ వీధిలో ఒక్క ఇంట తోడు మిగులలేదు.

మరునాడు మనుష్యులను లెక్కించిరి. పన్నెండు ఇండ్లవారును ఉండిరి. అది ఆకున మొదటి పని. రెండవ పని దిబ్బకు పోవుట. పడవలు లేనందున నీరు తీయగానే పేరమ్మ, నూకాలు, సోమన్న రొమ్ముల లోతున ఏరు దాటి పోయిరి. దిబ్బ మీదికి నీరు ఎక్కలేదు. అయినను ఆవము కూలి పాక మీద పడి, పాకయు, జాడీలును, సగము పాతిన కుండయు పిండియై ఉండెను. నీరెక్కని చోటు చూచిరి గాని గాలి తగులని చోటు చూడలేదు. పేరమ్మ పెంకు ఒకటి చేతికి తీసికొనెను. దాని లోపలి వైపు నీలిచార ఆరి అంటియుండెను. నలుబది దినములలో పతాకము కట్టవలెను. నూకాలుతో ఉండుమని చెప్పినది తానే. ఆమె వైపు చూచుటకు పేరమ్మకు ముఖము చెల్లలేదు.

అప్పుడు అవ్వ చింతచెట్టు మొదట తడిచీర పిండుకొనుచు కనబడెను.

"ఏమిటలా కూర్చున్నావు? నాకిచ్చిన చిప్పెడు ఏమైందని అడగవేం?"

"నీ కుండ కూడా ఇక్కడిదే కదా అవ్వా, పోయే ఉంటుంది."

"నాకిచ్చింది నా దగ్గరెందుకుంచుతాను? ఎర్రమెట్ట మీద మా చెల్లెలి ఇంట్లో ఉంది. అక్కడికి నీళ్ళూ రావు, ఈ గాలీ పోదు. నువ్వు పంపిన గింజలతోనే నెలనెలా పోస్తోంది. వెళ్ళి తెచ్చుకో."

ఎర్రమెట్ట పడమట మూడామడల దూరము. సోమన్న ఆ పగలే బయలుదేరి మరునాటి సాయంకాలమునకు కుండ నెత్తిన పెట్టుకొని వచ్చెను. మూత తీయగా, పైన మీగడవలె కట్టి నెమలి మెడవలె మెరయు తరక, క్రింద పసరు నీరు, ముక్కున పట్టు ఘాటు వాసన. తోడు బ్రతికి ఉండెను. ఆ మెరపును చూచి అందరును చేతులు మోడ్చిరి. ఆ వ్రతమున కొలుచు అమ్మవారు వారికి ఇచ్చిన దర్శనము అదియే. వేరుగా కిరీటము, శంఖనాదము ఏమియు లేవు.

తాటాకులలో ఒక ప్రతి పేరమ్మ నడుమున చుట్టుకొన్న సంచిలో ఉండెను. ముత్తన్న పడుకొన్నచోట నుండి కన్నులతో చూచుచుండెను. చెప్పుటకు నోరు లేదు. అయినను ఆ నోరు లేకుండ మూడు ఏండ్లు పని చేసి చూచిన వారికి తడబాటు కలుగలేదు. ఎర్రమెట్ట గింజలు, అరువు తెచ్చిన బాన, కొత్తగా కోసిన కొలచిప్ప. కుండ తొలుత కడవయ్యెను, మూడవ నాటికి కాగయ్యెను, తొమ్మిదవ నాటికి బాన నిండెను. పతాకపు గుడ్డను నూకాలు ముంచి తీయగా తుపాను తరువాతి ఎండలో అది ఆకుపచ్చనుండి నీలిలోనికి తిరిగెను. దానిని ముత్తన్న మంచము కడకు తెచ్చిరి. ఆయన గుడ్డ మూల నోట పెట్టుకొని రుచి చూచి, కన్నులు మూసికొని, నూకాలు చేతిని తన కుడిచేత తీసికొని గుప్పిలిగా మూసెను. ఆ పిల్ల ఏడ్చెను.

మార్గశిర పంచమి నాడు ఓడ కొయ్యకు నీలిపతాకము ఎక్కెను. రేవు పెద్దలు అది ఏ బానలోనిదని అడిగి తెలిసికొని, కూలిన వీధివైపు తిరిగి నమస్కరించిరి.

ఇక వినుము. తుపాను పోయిన పదునాలుగవ నాడు, బాన నిండిన మూడు నాళ్ళకు, ఎదురింటి బైరన్న వచ్చి ముత్తన్న వాకిట నిలిచెను. ఆయన తోడును పోయెను. చేతిలో ఖాళీ చెంబు ఉన్నది గాని దానిని వెనుకకు పెట్టుకొనెను. అడుగుటకు వచ్చి ఎండ ఎట్లున్నదో, ముత్తన్నకు ఎట్లున్నదో మాటలాడుచుండెను. పేరమ్మ అత్త ముఖము చూచెను. ఆ ఇంట గోడలు లేవు, తలుపులు లేవు. గడప మ్రాను ఒక్కటి నేలను అంటిపెట్టుకొని మిగిలియున్నది. అటునిటు ఎక్కడనుండియైనను వీధిలోనికి నడచిపోవచ్చును.

కొండమ్మ లేచెను. చిన్న కుండ నిండుగ తోడు ముంచెను. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చంకన ఎత్తుకొనెను. ప్రక్కనుండి పోక, తిన్నగా వచ్చి, కుడికాలు ఎత్తి ఆ గడప దాటెను.

"పట్టుకో బైరన్నా. నెలకోసారి గింజల నీళ్ళు పొయ్యాలి. ఇందులో సగం ఇంకో ఊళ్ళో పెట్టు. చంపుకున్నావంటే మళ్ళీ రా, కాకపోతే నా చేత తిట్లు తిని పట్టుకెళ్ళాలి."

బైరన్న చెంబు క్రింద పెట్టి రెండు చేతులతో కుండను అందుకొనెను. నాటితో ఆ వీధిలో పాత ఆచారము పోయి కొత్త ఆచారము పుట్టెను. ఒకరి తోడు ఇంకొకరి ఇంట, ఇంకొకరిది వేరొక ఊర ఉండసాగెను. ముత్తన్న ఇంటి నీలి ఇప్పటికిని ఆరలేదు. కుమ్మరి అవ్వ దేవియా, మనిషియా అని అడుగవలదు. ఆమెకు మజ్జిగ ఇచ్చి, ఆమె అడిగిన చిప్పెడు పోసిన పేరమ్మ సైతము అది అడుగలేదు.

అని చిరంతన మహర్షి చెప్పగా ఋతంభరుడు సంతోషించి, ఈ వ్రతమును ఎవరెవరు చేయవచ్చునని అడిగెను. మహర్షి చెప్పెను: "మగ్గము గలవారు, గానుగ గలవారు, కొలిమి గలవారు, ఊరగాయలు పెట్టి అమ్ముకొను ఇల్లాండ్రు, నలుగురిని పెట్టుకొని కుట్టుపని చేయువారు, ఒక్కరి చేతి నేర్పు మీద పదిమంది బ్రతుకు ఇండ్లవారు తప్పక చేయవలెను. కలియుగమున వృత్తి మర్మములను, కావలసినవారి పేర్లను, బొమ్మలను మీటలు నొక్కు పెట్టెలలో దాచుకొను వర్తకులు పుట్టుదురు. వారును ఆ పెట్టెకు మారుపెట్టె వేరొక ఊర ఉంచి, ఏటేట తెరచి చూచుకొనవలెను. తెరచి చూడక పూజ మాత్రము చేసినచో ఫలము లేదు."

ఉద్యాపన నాడు రెండు కుండలకు పసుపుదారము కట్టి, ఒకటి ఇంట ఉంచి, రెండవది నీరు, నిప్పు, గాలి ఒక్కసారిగా తగులని దూరపు ఇంటివారికి వాయనముగా ఈయవలెను. ఆనాటి పరమాన్నము నిత్యము వండు ఇల్లాలు వండరాదు. ఆమె వ్రాసి ఇచ్చిన చీటీ చూచి వేరొకరు వండవలెను. బెల్లము తక్కువైనను ఆమె మాటలాడరాదు. తినుటయైన పిమ్మట చీటీ దిద్దవలెను.

ఈ కథ విన్నవారికి ఆపద రాదని చెప్పము. వచ్చిననాడు మొదట ఏమి చేయవలెనో తెలియును, వెదకిన వస్తువు వెదకిన చోట ఉండును, నమ్ముకొన్నవారు ఊరు విడిచి పోరు. అక్షతలలో సగము అమ్మవారి పాదముల మీద వేయుడు. మిగిలిన సగము పొరుగింటివారి తల మీద వేసి రండు. పోవునప్పుడు గడప ప్రక్కనుండి కాక, గడప దాటియే పొండు.